నెత్తురు తడి లేని చెవి కోసం: క్లోరోఫాం డాక్టరు ఎడ్వర్డ్ లారీ

మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు 1890లో వచ్చింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద పెట్టిన పేరది. ఈ సంగతి మన జిల్లా పిల్లలకు బడిలోనే తెలుస్తుంది. కాని ఆ పేరు పెట్టడానికి ఒక ఏడాది ముందు, అదే నిజాం ఒక వైద్య ప్రయోగం కోసం లండన్ పత్రిక ఒకదానికి వెయ్యి పౌండ్లు ఇస్తానన్నాడనీ, హైదరాబాదులో జరిగిన ఆ ప్రయోగం గురించి దేశదేశాల డాక్టర్లు ఇరవై ఏళ్ళపాటు వాదులాడుకున్నారనీ తెలిసినవాళ్ళు తక్కువ. ఆ ప్రయోగానికి మూలపురుషుడు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. ఈరోజు నల్లగొండ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో చెవిలో చీముతో కోఠీ చెవి ముక్కు గొంతు దవాఖానకు పోయే రోగికీ, నూట ముప్పై ఏళ్ళ కిందటి ఆ తగాదాకూ దగ్గరి సంబంధం ఉంది. ఆ సంబంధం చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు చెవి సంగతి చూద్దాం. మన రెండు జిల్లాల్లో చెవి కారడం కొత్త మాట కాదు. పిల్లవాడికి చెవిలో చీము పడితే ఎల్లిగడ్డ వేసి కాచిన నూనె పోస్తారు, ఆముదం పోస్తారు, ఆకు పసరు పిండుతారు, కోడీకతో తుడుస్తారు. వాడు మర్నాడు మళ్ళీ బావిలో దుముకుతాడు. చెవి కొన్నాళ్ళు ఆరుతుంది, మళ్ళీ కారుతుంది. ఏళ్ళు గడిచేసరికి కర్ణభేరికి పడ్డ బొక్క పూడకుండా మిగిలిపోతుంది. కొందరికి చీము చెవి వెనక ఉండే మాస్టాయిడ్ ఎముకలోకి దిగుతుంది. ఇంకొందరికి అక్కడినుంచి మెదడు దాకా పాకుతుంది. అప్పుడిక నూనెలూ పసర్లూ పనికిరావు. కత్తే దిక్కు.

ఆ కత్తి పనిచేసే చోటు ఎంతదో తెలుసా? కర్ణభేరి అడ్డంగా కొలిస్తే సుమారు ఒక సెంటీమీటరు. దాని వెనక ఉండే మూడు ఎముకల్లో చిన్నది, అంకవన్నె ఆకారంలో ఉండేది, మూడు మిల్లీమీటర్ల పైన కొంచెం. అంటే బియ్యపు గింజలో సగం. ఆ పక్కనుంచే ముఖాన్ని కదిలించే నరం పోతుంది. దానికి దెబ్బ తగిలితే మూతి వంకరపోతుంది, కన్ను మూతపడదు. ఇంత ఇరుకు గదిలో ఒక్క చుక్క నెత్తురు నిలిచిందంటే చెరువు నిండినట్టే. మైక్రోస్కోపులోంచి చూసే సర్జనుకు ఎర్రటి మడుగు తప్ప ఏమీ కనిపించదు. పొట్ట ఆపరేషన్‌లో నెత్తురు కారితే గుడ్డతో అద్ది ముందుకు పోవచ్చు. చెవిలో అలా కుదరదు. అందుకే చెవి ఆపరేషన్ అంటే సగం పని కోయడం, సగం పని ఆ చోటును శుభ్రంగా, పొడిగా ఉంచడం.

ఈ రెండింటిలో శుభ్రం ఒకరి నుంచి వచ్చింది, పొడి సంగతి ఇంకొకరి తగాదా నుంచి తేలింది. విశేషమేమిటంటే ఇద్దరికీ గురువు ఒక్కడే. ఎడింబరో నగరంలో జేమ్స్ సైమ్ అని పెద్ద సర్జను ఉండేవాడు. ఆయన అల్లుడు జోసెఫ్ లిస్టర్. 1867లో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను కుళ్ళిపోకుండా కాపాడవచ్చని లోకానికి చాటినవాడు లిస్టరే. ఆ సైమ్ దగ్గర చదువుకున్న మరో శిష్యుడు మన కథానాయకుడు ఎడ్వర్డ్ లారీ. 1846లో పుట్టాడు. చదువు ముగించి ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, లాహోరు మెడికల్ స్కూలులో సర్జరీ పాఠాలు చెప్పి, 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. కోఠీలో తరువాతి కాలంలో ఉమెన్స్ కాలేజీ నడిచిన పెద్ద స్తంభాల భవనం ఉంది గదా, అదే అప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. హైదరాబాద్ మెడికల్ స్కూలు, అఫ్జల్‌గంజ్ దవాఖాన ఆయన చేతికింద నడిచాయి. 1846లో మొదలైన ఆ స్కూలే తరువాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది.

లారీ తనతో తెచ్చుకున్న ముఖ్యమైన ఆస్తి గురువు నేర్పిన ఒక సూత్రం. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు చూడవలసింది శ్వాసనే, నాడిని కాదు. ఈ చిన్న మాట వెనక పెద్ద గొడవ ఉంది.

1847 నవంబరులో ఎడింబరోలోనే జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. బట్ట మీద కొన్ని చుక్కలు పోసి ముక్కు దగ్గర పట్టుకుంటే చాలు, మనిషికి ఒళ్ళు తెలియదు. అంతకుముందు నలుగురు పట్టుకుంటే తప్ప కదలకుండా ఉండని రోగి ఇప్పుడు బొమ్మలా పడుకున్నాడు. చెవి వెనక ఎముకను ఉలితో తొలిచే ఆపరేషన్‌ను 1873లో జర్మనీలో ష్వార్‌ట్సె ఒక పద్ధతిగా నిలబెట్టగలిగాడంటే, దానికి ముందు మత్తుమందు పుట్టి ఉండటమే కారణం. మెలకువగా ఉన్న మనిషి ఎముకను ఎవడు తొలుస్తాడు?

అయితే 1848 జనవరిలోనే న్యూకాసిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి నిమిషాల్లో చనిపోయింది. ఆ తరువాత అలాంటి చావులు ఒకటి వెనక ఒకటి వినబడ్డాయి. చిత్రమేమిటంటే పెద్ద పెద్ద ఆపరేషన్లలో కంటే చిన్న పనులలో, మందు అప్పుడప్పుడే ఎక్కుతున్న వేళ, గట్టి మనుషులు ఉన్నట్టుండి చనిపోయేవారు. గుండె ఆగి చనిపోతున్నారని లండన్ వాళ్ళు అన్నారు. మందు ఎక్కువై ఊపిరి ఆగి చనిపోతున్నారని ఎడింబరో వాళ్ళు అన్నారు. నాడి మీద వేలు పెట్టి కూర్చుంటే అసలు ప్రమాదం కనబడకుండా పోతుందని సైమ్ శిష్యుల వాదం.

లారీ వట్టి వాదనతో ఊరుకునే మనిషి కాదు. 1888లో హైదరాబాదులో క్లోరోఫాం కమిషన్ వేయించాడు. కుక్కలకు క్లోరోఫాం ఇచ్చి ముందు ఏది ఆగుతుందో చూశారు. అన్నిట్లోనూ ముందు ఊపిరే ఆగింది, గుండె తరువాత ఆగింది. లండన్‌లో లాన్సెట్ పత్రిక ఈ ఫలితాన్ని నమ్మలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వం తరఫున, మీరే ఒక మనిషిని పంపి పరీక్షించుకోండి, ఖర్చు మాది అని వెయ్యి పౌండ్లు ఇవ్వజూపారు. లాన్సెట్ పంపిన మనిషి సామాన్యుడు కాదు. మందులు శరీరం మీద పనిచేసే తీరును ఆ కాలంలో బాగా ఎరిగిన లాడర్ బ్రంటన్ స్వయంగా ఓడ ఎక్కి వచ్చాడు. 1889 చివరి నెలల్లో రెండో కమిషన్ కూర్చుంది. రక్తపు ఒత్తిడిని కాగితం మీద గీతగా రాసే యంత్రాలు పెట్టి, నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు చేశారు. గుండె వల్లే ప్రమాదం అనే నమ్మకంతో వచ్చిన బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకొని, ముందు ఆగేది ఊపిరేనని డిసెంబరులో లండన్‌కు తంతి కొట్టాడు. హైదరాబాదు పేరు ప్రపంచ వైద్య పత్రికలన్నింటికీ ఎక్కింది.

ఇక్కడ ఒక్క విషయం ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి. క్లోరోఫాం ఎక్కుతున్నకొద్దీ రక్తపు ఒత్తిడి పడిపోతుందని యంత్రాల గీతలు చూపించాయి. ఆ పడిపోవడం ప్రమాదం కాదనీ, పైగా మందు వేగంగా లోపలికి పోకుండా కాపాడే రక్ష అనీ లారీ పక్షం తేల్చింది. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాం.

లారీ చేసిన మరో పని కూడా చెప్పి తీరాలి. ఆయన హయాంలో హైదరాబాద్ మెడికల్ స్కూలులో ఆడపిల్లలు చేరారు. వాళ్ళలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. 1889లో చదువు ముగించి హైదరాబాదు దవాఖానల్లో క్లోరోఫాం ఇచ్చే డాక్టరుగా పనిచేశారు. 1909లో పై చదువుకు ఎడింబరో కూడా వెళ్ళారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆమెను లెక్కిస్తారు. ఆడపిల్లలను హైస్కూలుకు పంపడమే అబ్బురమైన రోజుల్లో, పరదా ఊళ్ళో, ఒక ఆడమనిషి రోగి ప్రాణాన్ని తన చేతిలో పట్టుకొని కూర్చుంది. మన కాలేజీ అమ్మాయిలు తెలుసుకోవలసిన పేరిది.

ఇంతకూ లారీ గెలిచాడా? కొంతకాలం గెలిచినట్టే కనబడ్డాడు. కాని మనుషులు చావడం ఆగలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు క్లోరోఫాం నేరుగా గుండెనే బలహీనం చేస్తుందని ప్రయోగాలతో చూపించారు. లారీ ఒప్పుకోలేదు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. తన దవాఖానలో వేలమందికి క్లోరోఫాం ఇచ్చిన అనుభవం ఆయన ధైర్యం. 1901లో పదవి విరమించి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. ఆయన పనిచేసిన అఫ్జల్‌గంజ్ దవాఖానను 1908లో మూసీ వరద మింగేసింది.

1911లో గుడ్‌మన్ లెవీ అనే లండన్ డాక్టరు ఈ ముడి విప్పాడు. క్లోరోఫాం బాగా ఎక్కిన జంతువు కాదు, తేలిగ్గా ఎక్కిన జంతువు ప్రమాదంలో ఉంటుందని కనిపెట్టాడు. అలాంటి పిల్లికి కొంచెం అడ్రినలిన్ ఎక్కిస్తే చాలు, గుండె కొట్టుకోవడం మానేసి వణకడం మొదలుపెట్టి, క్షణాల్లో ప్రాణం పోయేది. అడ్రినలిన్ అంటే ఏమిటి? భయపడినప్పుడు, పెనుగులాడినప్పుడు మన ఒంట్లోనే మూత్రపిండాల మీది గ్రంథుల్లోంచి వచ్చే పదార్థం. అంటే బెదిరిపోయిన రోగికి సగం మత్తులో కత్తి పెడితే, వాడి భయమే వాడిని చంపుతుంది. గోరు తీయించుకోవడానికి వచ్చినవాళ్ళు ఎందుకు చనిపోయేవారో అప్పుడు అర్థమైంది.

మరి హైదరాబాదులో నాలుగు వందల జంతువుల్లో ఇది ఎందుకు కనబడలేదు? అక్కడ చేసిన పరీక్షల్లో ఎక్కువ భాగం మందును ఎక్కువగా ఇస్తూ పోయి, ముందు ఏది ఆగుతుందో చూసేవి. అలా చూస్తే ముందు ఊపిరే ఆగుతుంది. ఆ పరీక్షల్లో అబద్ధం లేదు. కాని ప్రయోగం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది, అడగని ప్రశ్నకు చెప్పదు. లారీ 1915లో కన్నుమూశాడు. సగం సత్యం పట్టుకొని, అదే పూర్తి సత్యమని నమ్మిన మనిషి. ఆయన్ని వెక్కిరించినవాళ్ళ దగ్గర ఉన్నదీ మిగతా సగమే.

ఇప్పుడు చెవి దగ్గరికి వద్దాం. లెవీ పిల్లిని చంపిన అడ్రినలిన్ మరో రూపంలో సర్జన్లకు వరమైంది. 1901లో జపానుకు చెందిన తకమీనే దాన్ని స్ఫటికంగా వేరుచేసిన సంగతి ప్రకటించాడు. సన్న రక్తనాళాలను బిగించి నెత్తురు ఆపడం దాని గుణం. 1903లో జర్మనీ సర్జను బ్రౌన్ దాన్ని మొద్దుబార్చే మందులో కలిపి సూది వేసే పద్ధతి చూపించాడు. చెవి సర్జరీకి దీనికంటే ఇంకేం కావాలి? 1953లో జైస్ కంపెనీ ఆపరేషన్ మైక్రోస్కోపు రావడంతో కర్ణభేరి బొక్కకు అతుకు వేసే పని లోకమంతా పాకింది. అప్పుడు పొడి చోటు విలువ ఇంకా పెరిగింది.

ఈనాటికీ పద్ధతి అదే. చెవి వెనకా, చెవి గొట్టంలోనూ లిగ్నోకెయిన్‌తో కలిపి, రెండు లక్షల పాళ్ళకు ఒక పాలు అడ్రినలిన్ సూది వేస్తారు. మిల్లీలీటరుకు అయిదు మైక్రోగ్రాములన్నమాట. సూది రక్తనాళంలో పడలేదని పిస్టన్ వెనక్కి లాగి చూసుకుంటారు. తోలు తెల్లబడేదాకా పది నిమిషాలు ఓపిక పడతారు. తొందరపడ్డ సర్జను తరువాత గంటసేపు నెత్తురుతో కుస్తీ పడాల్సిందే. బల్లను తల వైపు పదిహేను ఇరవై డిగ్రీలు ఎత్తితే సిరల్లో నెత్తురు కిందికి జారుతుంది. ఎముకను డ్రిల్లుతో తొలిచేటప్పుడు సెలైన్ నీళ్ళు పోస్తూ సన్న గొట్టంతో పీలుస్తూ ఉంటారు. ఆ నీళ్ళు ఎముక పొడిని కడుగుతాయి, వేడిని చల్లారుస్తాయి. వేడి తగిలితే ముఖం నరానికే ముప్పు. లోపల చెమ్మగిల్లే చోట అడ్రినలిన్‌లో తడిపిన స్పంజి ముక్క అద్ది కొన్ని నిమిషాలు వదిలేస్తారు. ఎముకలోంచి ఊరే నెత్తురుకు మైనం లాంటి పదార్థం రుద్దుతారు.

శుభ్రం చేయడంలో కూడా తెలివి కావాలి. కర్ణభేరికి బొక్క ఉన్నప్పుడు క్లోర్‌హెక్సిడిన్ మందు లోపలికి పోతే లోపలి చెవి చెడి చెవుడు వస్తుందని 1971లో బయటపడింది. మంచికి వాడిన మందే చెవిని పాడుచేయగలదన్నమాట. మంట మీదున్న చెవిని వీలైనంతవరకు ముందుగా మందులతో ఆరబెట్టి, తరువాతే అతుకు వేస్తారు. నెలల తరబడి చెవిలో నీళ్ళు పడనీయొద్దని డాక్టరు చెప్పేది ఇందుకే. బావి ఈత మానిపించడం కూడా ఆపరేషన్‌లో భాగమే.

ఇంత చేసినా రెండు ప్రమాదాలు మిగులుతాయి. ఆ రెండూ లారీ జీవితంలోవే.

మొదటిది అడ్రినలిన్. 1956లో వాడకానికి వచ్చిన హాలోథేన్ అనే మత్తుమందు ఎన్నో ఏళ్ళు మన దవాఖానల్లో రాజ్యమేలింది. అదీ క్లోరోఫాంలాగే గుండెను అడ్రినలిన్‌కు బెదిరేటట్టు చేసేది. సర్జను చెవి ఆరాలని మరికొంత అడ్రినలిన్ ఎక్కిస్తే, అటు రోగి గుండె తాళం తప్పేది. అందుకే ఎంత మోతాదు దాటకూడదో లెక్కలు కట్టారు. తరువాత వచ్చిన సెవోఫ్లూరేన్ వంటి మందులతో ఈ భయం చాలా తగ్గింది, కాని లెక్క మాత్రం మానలేదు.

రెండోది రక్తపు ఒత్తిడి. ఒత్తిడి కొంచెం తగ్గిస్తే చెవిలో నెత్తురు తగ్గుతుంది. ఇరవయ్యో శతాబ్దం నడుమ నుంచి డాక్టర్లు కావాలనే ఒత్తిడిని తగ్గించి ఆపరేషన్ చేసే పద్ధతి నేర్చుకున్నారు. ఒత్తిడి పడటం దానంతటదే ప్రమాదం కాదన్న లారీ మాటలో సగం నిజం ఇక్కడ పనికొచ్చింది. కాని మిగతా సగం కూడా ఉంది. వయసు మళ్ళినవాళ్ళకు, బీపీ ఉన్నవాళ్ళకు, గుండె జబ్బు మనుషులకు ఒత్తిడి ఎక్కువ తగ్గిస్తే మెదడుకూ గుండెకూ నెత్తురు అందదు. చెవి ఆరిందని సంతోషపడేలోపు మనిషే ఆరిపోవచ్చు. కనుక సర్జను తనకు పొడి చోటు కావాలని అడుగుతాడు, మత్తు డాక్టరు ఎంతవరకు ఇవ్వగలనో చెబుతాడు. ఆ ఇద్దరూ నోరు విప్పి మాట్లాడుకునే బల్ల మీదే రోగి క్షేమంగా ఉంటాడు. శ్వాసనే చూడాలా, నాడినే చూడాలా అనే పాత తగాదా ఈరోజు ఒకే యంత్రం తెర మీద రెండు గీతలుగా పక్కపక్కన నడుస్తున్నది.

మిత్రులారా, లారీని దేవుణ్ణి చేయనక్కరలేదు, తీసిపారేయనక్కరలేదు. మన నిజాం సొమ్ముతో, మన హైదరాబాదులో, ఒక వైద్య ప్రశ్నను ప్రయోగశాలలో పెట్టి తేల్చుకుందామని పట్టుబట్టడం ఆయన గొప్పతనం. తేలిన దాన్ని మళ్ళీ ప్రశ్నించనివ్వకపోవడం ఆయన లోపం. ఆ మొండితనం ఉన్నన్నాళ్ళూ, ఊపిరి సరిగానే ఉందన్న ధీమాతో నాడిని వదిలేసిన బల్లల మీద ఎందరు సగం మత్తులో పోయారో లెక్క పెట్టినవాడు లేడు. సైన్సు చదివే మనకు ఈ రెండూ పాఠాలే.

2016లో మహబూబ్‌నగర్‌కు, 2019లో నల్లగొండకు సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడు చెవి పోటుకు కూడా ఇమ్లీబన్‌లో బస్సు దిగి కోఠీకి నడిచిన జిల్లాలివి. రేపు మనలో కొందరు, మన తమ్ముళ్ళు చెల్లెళ్ళు మరికొందరు, ఆ కాలేజీల ఆపరేషన్ గదుల్లో తలవైపు కూర్చునేవాళ్ళూ చెవివైపు నిలబడేవాళ్ళూ అవుతారు. చెవి పొడిగా ఉందా అని ఒకరు అడిగినప్పుడు, మనిషి ఎలా ఉన్నాడని రెండోవారు అడగాలి. అడిగినవారి మాట మొదటివారు వినాలి.